788 చెరువుల లెక్క: మూసీ ఎగువన నగర రక్షణ చరిత్ర

మొయినాబాదు నుండి చేవెళ్లకు పోయే బీజాపూరు రహదారికి ఉత్తరాన మూసీనది, దక్షిణాన ఈసీనది పారుతున్నవి. రెండూ తూర్పుగా సాగి హైదరాబాదు అంచున, నేటి బాపూఘాట్ వద్ద కలుస్తాయి. కలియక ముందే మూసీమీద ఉస్మాన్ సాగర్, ఈసీమీద హిమాయత్ సాగర్ కట్టబడినవి. మొదటిదానిని ప్రజలు నేటికీ గండిపేట చెరువు అనే పిలుస్తారు. ఈ జలాశయాలలో చేరే నీరు ఎక్కువగా చేవెళ్ల, మొయినాబాదు, శంకరపల్లి, షాబాదు ప్రాంతాల పొలాలమీద పడిన వాననీరే. ఆ వాన ఏ ఊరి చెరువులో నిలిచినదీ, ఏ ఊరి మత్తడి దూకినదీ హైదరాబాదు పౌరునికి తెలియదు. కాని ఒక నగరం క్షేమంగా ఉన్నదా లేదా అనే ప్రశ్నకు ఇక్కడ ఒకసారి ఆ చెరువులలోనే జవాబు దొరికినది.

ఊరికి అపాయం రాకముందే దాని బలహీనతలను వెదకి లెక్కకట్టటం నేడు ఒక శాస్త్రంగా పెరిగినది. దెబ్బ తగిలితే ఊరు అల్లాడిపోయేది దేనికి? ఆ దెబ్బ ఏ చోట సులభంగా తగులుతుంది? తగిలిన తరువాత ఎంతకాలానికి కోలుకొనగలం? ఈ మూడు ప్రశ్నలే దానికి పునాది. ముఖ్యంగా 2001 తరువాత, ఉగ్రవాదుల దాడులను ఎదుర్కొనేందుకు స్థానిక ప్రభుత్వాలను సిద్ధపరచటానికి ఈ పద్ధతి అనేక దేశాలలో వ్యాపించినది. ఆ పేరు గాని, ఆ పట్టికలు గాని లేని కాలంలో మూసీ ఎగువన జరిగిన పని ఈ శాస్త్రానికి మంచి ఉదాహరణ.

1908 సెప్టెంబరు చివరివారంలో బంగాళాఖాతం నుండి వచ్చిన వాయుగుండం దక్కను పీఠభూమిపై నిలిచినది. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో దాదాపు 19 అంగుళాల వర్షం కురిసినది. సెప్టెంబరు 28న మూసీ నగరంలోకి ప్రవేశించినది. వేలాది ఇళ్లు నేలమట్టమైనవి. చనిపోయినవారు పదిహేను వేలని సాధారణంగా చెబుతారు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినది. బొంబాయి ప్రభుత్వ ఉద్యోగం విడిచిన ఆయన అప్పుడు విదేశ పర్యటనలో ఉన్నారు. 1909లో హైదరాబాదు చేరారు.

నగరం మునిగినది కాబట్టి నగరంలోనే గట్లు ఎత్తు చేయాలని ఎవరికైనా తోచవచ్చు. విశ్వేశ్వరయ్య ఎగువకు చూశారు. రెండు నదుల పరీవాహక ప్రాంతంలో ఉన్న చెరువుల లెక్క తీయించారు. మొత్తం 788 చెరువులు. అనగా చదరపు మైలుకు సుమారు ఒకటి. వీటిలో 221 చెరువులకు ఆ వరదలో గండ్లు పడినవి. నూటికి 28 వంతులన్నమాట. నగరం గుండా పోయిన వరద గరిష్ఠంగా సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని అంచనా వేశారు.

ఈ లెక్కలో తెలుసుకోదగిన విషయం గండ్ల సంఖ్య ఒక్కటే కాదు. తెలంగాణంలో చెరువులు విడివిడిగా ఉండవు. పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు, అది నిండితే దాని కింది చెరువుకు పోతుంది. వీటినే గొలుసుకట్టు చెరువులంటారు. మామూలు సంవత్సరాలలో ఇంత పొదుపైన ఏర్పాటు మరొకటి లేదు. కాని పై చెరువు కట్ట తెగినప్పుడు, అందులో నిలిచిన నీరంతా ఒక్కసారిగా అప్పటికే నిండియున్న కింది చెరువుమీద పడుతుంది. ఆ కట్ట ఎంత గట్టిదైనా వాననీటిని ఆపేందుకు కట్టినదే గాని, పై ఊరి చెరువును ఆపేందుకు కట్టినది కాదు. ఈ విధంగా ఒక చిన్న ఊరి కట్టలోని లోపం ఇరవై మైళ్ల దిగువన ఉన్న నగరానికి అపాయమౌతుంది. ఒక వ్యవస్థ బలం దాని అంగాలలో ఉన్నంతగా వాటి పరస్పర సంబంధంలోనూ ఉంటుందని నేటి భద్రతా నిపుణులు చెప్పేది ఇదే.

1909 అక్టోబరులో విశ్వేశ్వరయ్య ఇచ్చిన నివేదికలో నగరానికి ఎగువన రెండు నదులమీదా జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలని సూచించారు. ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి అయినవి. వరదను ఆపటానికి తలపెట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీటిని కూడా ఇచ్చినవి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. వరదను ఆపాలంటే జలాశయం ఖాళీగా ఉండాలి. తాగునీరు కావాలంటే నిండుగా ఉండాలి. ఉస్మాన్ సాగర్‌లో పట్టే నీరు 390 కోట్ల ఘనపుటడుగులు, హిమాయత్ సాగర్‌లో సుమారు 297 కోట్లు. విద్యార్థులు గుణించి చూడవచ్చు: 1908 నాటి గరిష్ఠ ప్రవాహం అదే వేగంతో సాగితే, రెండు జలాశయాలూ పూర్తిగా ఖాళీగా ఉన్నప్పటికీ నాలుగున్నర గంటలలో నిండిపోతాయి. సెప్టెంబరు చివర అవి ఖాళీగా ఉండటమనేది అరుదు. కాబట్టి రక్షణ కోసం కట్టిన కట్టడం అపాయాన్ని రూపుమాపదు. దానిని గేట్లు ఎత్తే వేళకు, ఎత్తే మనిషికి, అతనికి కబురు అందే మార్గానికి బదిలీ చేస్తుంది.

జలాశయం నిండిన తరువాత అది శత్రువు దృష్టిలో కూడా పడుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1943 మే 16-17 రాత్రి బ్రిటిష్ విమానాలు జర్మనీలోని మోనే, ఎడర్ ఆనకట్టలను పగులగొట్టినవి. దిగువ లోయలలో 1,300 మందికి పైగా మరణించారు. వారిలో అనేకులు జర్మనీ నిర్బంధంగా పని చేయించుకొంటున్న పరదేశీయులే. 1977లో జెనీవా ఒప్పందాలకు చేర్చిన అనుబంధ పత్రంలో ఆనకట్టలపై దాడులను నిషేధించే నిబంధన రావటానికి ఇటువంటి అనుభవాలే కారణం. దానికి ముందే, 1941లో, అమెరికా నేర పరిశోధక సంస్థకు అధిపతి అయిన హూవర్ నీటి సరఫరా సంఘం పత్రికలో వ్యాసం రాసి, పట్టణాల నీటి సరఫరా శత్రువుల గూఢచారులకు అనువైన గురి కాగలదని హెచ్చరించారు.

ఆ హెచ్చరిక చట్టరూపం దాల్చటానికి అరవై ఏళ్లు పట్టినది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, 2002లో అమెరికా చేసిన చట్టం ప్రకారం 3,300 మందికి మించి నీరు అందించే ప్రతి సంస్థా తన బలహీనతలను మదింపు చేసి నివేదిక ఇవ్వాలి. లక్షమందికి పైగా నీరిచ్చే సంస్థలకు 2003 మార్చి ఆఖరు గడువు. చిన్న ఊళ్లకు 2004 జూన్ వరకు. ఇందుకు శాండియా జాతీయ ప్రయోగశాల ఒక పద్ధతిని తయారు చేసినది. సూత్రం సులభమే. దాడి జరిగే అవకాశం, జరిగితే అది ఫలించే అవకాశం, ఫలిస్తే కలిగే నష్టం — ఈ మూడింటినీ గుణించగా వచ్చేదే అపాయపు కొలత. మూడింటిలో ఏ ఒక్కటి తగ్గినా లబ్ధం తగ్గుతుంది. మొదటిది పోలీసుల చేతిలో ఉన్నది. రెండవది, మూడవది చాలావరకు స్థానిక సంస్థల చేతిలో ఉన్నవి.

లెక్క వేయటంవల్ల భయం పెరుగుతుందని కొందరి అభిప్రాయం. చాలాసార్లు తగ్గుతుంది. పెద్ద చెరువులో ఎవరైనా విషం కలిపితే నగరమంతా ఏమౌతుందనే భయం పురాతనమైనది. ఉస్మాన్ సాగర్ నిండుగా ఉన్నప్పుడు అందులో సుమారు 11,000 కోట్ల లీటర్ల నీరు ఉంటుంది. ఏ పదార్థమైనా లీటరుకు ఒక్క మిల్లిగ్రాము చొప్పున అందులో చేరాలంటే 110 టన్నులు కావాలి. పది టన్నుల లారీలు పదకొండు! అదీగాక ఎండ, మట్టి, వడపోత, క్లోరిను దానిని ఇంకా క్షీణింపచేస్తాయి. భయం ఉన్న చోట అపాయం తక్కువగానూ, ఎవరూ భయపడని చోట ఎక్కువగానూ ఉండటం ఈ మదింపులలో తరచుగా బయటపడే సంగతి. సామాన్యంగా లోపాలు కనిపించేవి విద్యుత్తు పోయినప్పుడు గేటును చేతితో తిప్పే ఏర్పాటు లేకపోవటంలో, ఊరి నీటి ట్యాంకుకు మూత, తాళం లేకపోవటంలో, రాత్రివేళ ఎవరికి ఫోను చేయాలో కాగితంమీద లేకపోవటంలో. పంపు నీటిలో మిగిలియుండే క్లోరిను లీటరుకు 0.2 మిల్లిగ్రాములకు తగ్గరాదని భారతీయ ప్రమాణం. రోజూ పరీక్షించే ఊరిలో, అది ఒకనాడు కారణం లేకుండా పడిపోతే ఏదో చేరినదని వెంటనే తెలుస్తుంది. చేరినది మురికినీరైనా, దుర్మార్గుడు కలిపినదైనా ఆ పరీక్ష చెప్పే మాట ఒకటే. పాఠశాల రసాయనశాలలో కూడా చేయదగిన పరీక్ష ఇది.

ప్రకృతికి, ఉగ్రవాదికి ఒక భేదం మాత్రం ఉన్నది. వాన తాను కురిసే చోటును ఎంచుకోదు, మనిషి ఎంచుకొంటాడు. ఒక ద్వారాన్ని కట్టుదిట్టం చేస్తే మరొక ద్వారం వెదకుతాడు. హైదరాబాదుకు ఇది పుస్తకాల్లో చదివిన పాఠం కాదు. 2007 ఆగస్టు 25 సాయంకాలం బాంబులు పేలినది శాసనసభలోనూ కాదు, ఆనకట్టమీదా కాదు. లుంబినీ పార్కులో, కోఠిలోని ఒక చాట్ దుకాణంలో. 42 మంది చనిపోయారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులకోసం నిలుచున్నవారి మధ్య పేలినవి. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రజా భద్రతా చట్టం చేసి, జనం గుమిగూడే సంస్థలలో నిఘా కెమెరాలు మొదలైన ఏర్పాట్లను తప్పనిసరి చేసినది. చట్టం నగరానికి మాత్రమే పరిమితం కాదు. గండిపేట ఒడ్డున ఉన్న చిలుకూరు బాలాజీ ఆలయానికి ప్రదక్షిణలకు వచ్చే జనాన్ని చూసినవారికి, గుంపుల రక్షణ మొయినాబాదు మండలానికి కూడా సంబంధించినదని వేరుగా చెప్పనవసరం లేదు.

ఈ మధ్యకాలంలో జలాశయాలకు మరొక దిక్కునుండి అపాయం వచ్చినది. దానిలో ఉగ్రవాది లేడు. భూమికోసం వచ్చినవారు, కర్మాగారాలు పెట్టదలచినవారు ఉన్నారు. నగరం పడమటికి పెరుగుతుండగా, 1994లోను, తిరిగి 1996 మార్చి 8న ప్రభుత్వం ఉత్తర్వులు వెలువరించినది. రెండవది 111వ నంబరు ఉత్తర్వుగా ప్రసిద్ధమైనది. జలాశయాల పూర్తి నీటిమట్టం నుండి 10 కిలోమీటర్లవరకు, 84 గ్రామాలలో, కాలుష్యం వదలే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాసకాలనీలు రాకూడదన్నది దాని సారం. మొయినాబాదు మండలంలోని చాలా గ్రామాలు, చేవెళ్ల మండలంలోని కొన్ని గ్రామాలు ఆ 84లో ఉన్నవి.

ఆ నిషేధం న్యాయస్థానాల పరీక్షకు నిలువవలసి వచ్చినది. శంషాబాదు మండలం పెద్దషాపూరులో ఒక సంస్థ ఆముదం నుండి రసాయనాలు చేసే కర్మాగారం కట్టదలచినది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించినది. వివాదం సుప్రీంకోర్టు వరకు పోయినది. ఆ కర్మాగారంలో వాడే నికెల్ వంటి పదార్థాలు భూగర్భజలం ద్వారా జలాశయాలకు చేరగలవా అన్నది శాస్త్రీయమైన ప్రశ్న. దానిపై జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి సంస్థల అభిప్రాయం తీసుకొన్నారు. జస్టిస్ జగన్నాథరావు రాసిన 1999 జనవరి తీర్పులో ఒక సూత్రం స్పష్టంగా ప్రకటింపబడినది. హాని జరుగుతుందని నిరూపించవలసిన భారం ప్రజలది కాదు. జరగదని నిరూపించవలసిన భారం పని తలపెట్టినవారిది. 2000 డిసెంబరులో కోర్టు ప్రభుత్వమిచ్చిన మినహాయింపును కొట్టివేసినది. భద్రతా మదింపులో కూడా ఈ సూత్రమే పనిచేస్తుంది. ఇంతవరకు ఏమీ జరగలేదన్నది కట్ట గట్టిదనటానికి రుజువు కాదు. 1908 ఆగస్టులో ఆ 221 చెరువుల కట్టలు నిలిచే ఉన్నవి కదా!

అయితే ఈ రక్షణకు వెల చెల్లించినవారెవరు? నీరు తాగినది నగరం. భూమిపై ఆంక్షలు భరించినవి గ్రామాలు. పక్క మండలంలో ఎకరం ధర ఆకాశానికి పోతుండగా, హద్దుకు ఇవతల ఉన్న రైతు తన పొలాన్ని పొలంగానే ఉంచవలసి వచ్చినది. ఆ ఆంక్షలకు ప్రతిఫలం ఇవ్వాలన్న ఆలోచన ఉత్తర్వులో లేకపోవటం పెద్ద లోపం. ఉత్తర్వును తొలగించాలని గ్రామస్థులు దీర్ఘకాలం కోరుతూ వచ్చారు. నగరానికి మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి జలాలు వచ్చిన తరువాత ఈ రెండు జలాశయాల నీటి వంతు 1.25 శాతంకంటె తక్కువ అంటూ, 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వు ద్వారా ఆంక్షలను సడలించి, జలాశయాల రక్షణకు మార్గదర్శకాలు తయారుచేయవలసిందిగా ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. రైతుల కోరిక న్యాయమైనదే. కాని ఆ వాదంలో ఒక లెక్క మిగిలిపోయినది. మామూలు రోజున ఎంత నీరు ఇస్తున్నదన్నది ఒక కొలత. దూరంనుండి వచ్చే గొట్టపుమార్గం ఏ కారణంచేతనైనా ఆగిన రోజున ఎంత ఇవ్వగలదన్నది మరొక కొలత. కృష్ణా నీరు వందకు పైగా కిలోమీటర్లు గొట్టాలలో, పంపుల బలంతో ఎక్కి రావాలి. గండిపేట నీరు కొండమీదినుండి దిగినట్లు వాలుననుసరించి వస్తుంది, విద్యుత్తు అడగదు. యుద్ధం గాని, ఉగ్రవాదం గాని ఊహించి చేసే మదింపులో రెండవ కొలతకే విలువ ఎక్కువ. ఇళ్లు, రోడ్లు పరుచుకొన్న నేలమీద పడిన వాన ఇంకక త్వరగా పరుగెత్తుతుంది కాబట్టి వరద లెక్క కూడా మారుతుంది.

మనదేశంలో ఈ మదింపు బాధ్యతను చట్టం స్థానిక సంస్థలకు దగ్గరగానే ఉంచినది. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో తాగునీరు పంచాయతీలకు అప్పగించదగిన విషయాలలో ఒకటి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకృతివల్ల, మనిషివల్ల, ప్రమాదంవల్ల, అజాగ్రత్తవల్ల వచ్చేవాటినన్నింటినీ విపత్తులనే అన్నది. దుర్బలమైన ప్రాంతాలను గుర్తించటం జిల్లా సంస్థ విధిగా పేర్కొన్నది. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం పెద్ద ఆనకట్టలకు అత్యవసర ప్రణాళిక ఉండాలన్నది. గొలుసుకట్టులోని చిన్న చెరువులలో చాలా భాగం మాత్రం ఆ చట్టం చెప్పే ఎత్తుకు అందవు. అవి స్థానికుల కంటికే వదలబడినవి.

బలహీనతల పట్టికను ఎవరికి చూపాలన్నది మరొక ప్రశ్న. అమెరికాలో 2002 చట్టం కింద వచ్చిన మదింపులను రహస్యంగా ఉంచారు. ఊరి లోపాలన్నీ రాసిన కాగితం దొంగ చేతిలో పడితే అదే పెద్ద లోపం. విశ్వేశ్వరయ్య లెక్క మాత్రం బహిరంగమైనది; వరదకు దానిని చదివే బుద్ధి లేదు. రెండింటికీ మధ్య ఒక గీత గీయవలసి ఉంటుంది. గేటు తాళం ఎక్కడున్నదీ పదిమందికి తెలియనక్కరలేదు. చెరువు కట్ట కుంగినదీ, తూము కారుతున్నదీ ఊరందరికీ తెలిసి తీరాలి. నిజానికి అది మొదట చూసేది పశువులను తోలుకొనిపోయేవాడే.

2020 అక్టోబరు 13, 14 తేదీల వర్షాలలో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చినది. 2025 సెప్టెంబరు 26, 27 తేదీలలో రెండు జలాశయాలనుండీ నీరు వదలగా మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సు ప్రాంగణంలోకి ప్రవేశించినది. ప్రయాణికులు అక్కడే చిక్కుపడ్డారు. 1908 వరద వచ్చిన తేదీకి అది ఒకటి రెండు రోజులు ముందు. ఎగువన చేవెళ్ల, మొయినాబాదు ఆ ఏడాదే గ్రామ పంచాయతీలనుండి పురపాలక సంఘాలుగా మారినవి. వాటి పరిధిలోని ఊరి ట్యాంకులు, బజార్లు, చెరువుల కట్టలు కొత్త కార్యాలయాల లెక్కలోకి వచ్చినవి. 788లో తమ హద్దులలో ఉన్నవి ఎన్ని, వాటిలో నేడు మత్తడి దూకగలిగినవి ఎన్ని అన్న పట్టిక ఆ కార్యాలయాలు మొదట రాయదగిన కాగితాలలో ఒకటి.